గుడ్లు గుడ్లే: ఒక అనువాద యాప్ తీరు

వృత్తిరీత్యా అనువాదకుణ్ని కనుక, ఏడాది చందా కట్టి తీసుకున్న ఒక అనువాద యాప్‌ను ఈ మధ్య ఒకే ఒక్క ఇంగ్లీషు నుడికారంతో పరీక్షించి చూశాను. ‘యాజ్ ష్యూర్ యాజ్ ఎగ్స్ ఈజ్ ఎగ్స్’ అన్నది ఆ మాట. బహువచనానికి ఏకవచన క్రియను తగిలించిన ఆ వ్యాకరణ దోషమే దానికి అందం. జరిగి తీరుతుంది, సందేహం అక్కరలేదు అని భావం.

జర్మన్‌లోకి మార్చమంటే యాప్ గుడ్ల జోలికే పోకుండా, ‘చర్చిలో ఆమెన్ అంత ఖాయం’ అనే అర్థమున్న అక్కడి నుడికారాన్ని చూపింది. ప్రార్థన చివర ఆమెన్ రాక తప్పదు కనుక అది సరిగ్గా అతికింది. పోలిష్‌లోనూ ఆమెనే వచ్చింది. ఫ్రెంచిలో రెండూ రెండూ నాలుగైనంత నిజమని, రష్యన్‌లో ‘కాక్ పీత్ దాత్’ అని ఇచ్చింది. ఈ చివరిదానికి మాటకు మాట చూస్తే ‘తాగడానికి ఇచ్చినట్టు’ అని అర్థం. ఇంతవరకు వంక పెట్టడానికేమీ లేదు.

తెలుగులో మాత్రం ‘గుడ్లు గుడ్లే అన్నంత ఖచ్చితంగా’ అని వచ్చింది. అది చూసి నేను గుడ్లు తేలేశాను.

ఇంకొక రూపం అడిగితే ‘ముంజేతి కంకణానికి అద్దమేల’ అన్నది. చక్కని తెలుగే, కానీ ఇక్కడ పొసగదు. చేతికున్న కంకణం కంటికి కనబడుతూనే ఉంది కాబట్టి వేరే రుజువు అక్కరలేదని ఆ సామెత చెబుతుంది. హిందీ వారి కంకణం, ఆరసీ (అద్దం) సామెతా, అరచేతి పుండుకు అద్దం కావాలా అనే కన్నడ సామెతా చెప్పేది అదే. అవన్నీ ఎదుట ఉన్నదాని గురించినవి. గుడ్ల మాటనేమో ఎక్కువగా ఇంకా జరగనిదాని గురించి వాడతారు. ‘బల్ల గుద్ది చెప్పడం’ దగ్గరగా వస్తుంది గానీ, అందులో తెలిసేది చెప్పేవాడి ధీమా మాత్రమే. ‘వాడు రేపూ ఆలస్యంగానే వస్తాడు, రాసిపెట్టుకోండి’ అంటే సరిపోతుంది; గంభీరమైన రచనలోనైతే ‘తథ్యం’ చాలు. ఇలాంటి తేడాలు తేల్చుకోవడానికి బ్రౌన్ నిఘంటువునూ శబ్దరత్నాకరమనే నిఘంటువునూ ఒకేచోట వెతకనిచ్చే ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనే నాకు నయమనిపించింది, పైగా అది ఉచితం.

యూరపు భాషలతో పని ఉన్నవారు ఈ యాప్‌ను నిస్సంకోచంగా తీసుకోవచ్చు. తెలుగు కోసమే అయితే డబ్బు దండగ. సవరణల పెట్టెలో ‘రాసిపెట్టుకోండి’ అని మూడుసార్లు రాసి పంపాను. నిన్న మళ్లీ అడిగితే గుడ్లే వచ్చాయి.