పిల్లికూనలను ఇంట్లో పెంచే ఏర్పాటు: మా అభిప్రాయం

హైదరాబాదులోని ఒక జంతు సంరక్షణ కేంద్రం, తల్లి లేని పిల్లికూనలను దత్తతకు సిద్ధమయ్యేదాకా మనవంటివారి ఇళ్లలో పెంచే ఏర్పాటు చేసింది. మేము రెండు కూనలను తెచ్చుకున్నాము. పాలపొడి, సీసా, టీకాల ఖర్చు అంతా కేంద్రానిదే.

ఇచ్చిన సామగ్రిలో అన్నిటికన్నా పనికొచ్చింది చిన్న తూకం యంత్రం. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి కనుక, అంకె కదలని రోజున జాగ్రత్తపడవచ్చు. పాలు పట్టేటప్పుడు కూనను చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకూడదని, బోర్లా ఉంచి తల కొద్దిగా పైకెత్తాలని, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముందని అక్కడి ఉద్యోగిని స్వయంగా చేసి చూపించారు. ఆవుపాలు పడితే విరేచనాలు పట్టుకోవచ్చని కూడా గట్టిగా చెప్పారు. పిల్లి అనగానే గిన్నెడు పాలు గుర్తొచ్చే మన ఇళ్లకు ఆ హెచ్చరిక అవసరమే.

అసలు లోపం రాత్రివేళల్లో ఉంది. పసికూనలకు రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టవలసి ఉండగా, కేంద్రంలో సాయంత్రం తరువాత ఫోన్ ఎత్తేవారే లేరు. ఒక కూన పాలు ముట్టని రాత్రి మేము వేరే పశువైద్యుణ్ణి వెతుక్కోవలసి వచ్చింది.

దత్తత విషయంలో మాత్రం తొందరపడలేదు. ఎనిమిది వారాలు నిండి, బరువు కిలోకు దగ్గరపడ్డాకే పంపారు. ఉద్యోగాలకు వెళ్లేవారు నాలుగు వారాలు దాటి, సొంతంగా తినడం మొదలుపెట్టిన కూనలనే అడిగి తీసుకోవడం మంచిది.