ఒక్క మాటతో పరీక్షిస్తే నిఘంటువు యాప్ దొరికిపోయింది

పేరు చెప్పను గానీ ఈ తెలుగు నిఘంటువు యాప్‌కి రెండున్నర స్టార్లే ఇస్తున్నా. ఏ నిఘంటువు చేతికొచ్చినా ముందు ‘మరుగుజ్జు’ వెతకడం నాకలవాటు, ఎందుకంటే ఆ ఒక్క మాటలోనే దాని పనితనం బయటపడిపోతుంది. ఇందులో ఏముందంటే, ‘పొట్టివాడు, వామనుడు, కుబ్జుడు’. అంతే!

పొట్టి అంటే మామూలు ఎత్తు తక్కువ, ఇంట్లో ముద్దుగానూ పిలుస్తాం. మరుగుజ్జు అలా కాదు, అసాధారణంగా ఎదగని శరీరం. వామనుడు అనగానే బలి దగ్గర మూడడుగులు అడిగిన విష్ణువే గుర్తొస్తాడు కాబట్టి ఆ మాటకో గౌరవం ఉంది. కుబ్జ అయితే సంస్కృతంలో అసలు గూని, పొట్టి అనే అర్థం తర్వాత కలిసింది. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

2006లో ప్లూటోని మరుగుజ్జు గ్రహం అన్నారు కదా, ఆ వాడుక ఊసే లేదు. అన్నిటికంటే చిరాకేసింది, ఈ మాట మనిషి ముఖమ్మీద అంటే నొచ్చుకుంటారని ఒక్క ముక్క కూడా రాయకపోవడం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీన్ని ఒక వైకల్యంగా చేర్చి, పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు లేదా అంతకంటే తక్కువ అని లెక్క కూడా పెట్టారు, మరి నిఘంటువుకి పట్టదా?

వెతుకులాట మాత్రం చకచకా అవుతుంది, అక్షరం తప్పు కొట్టినా సరైన మాట చూపిస్తుంది. ఆ రెండున్నరా అందుకే.