ఈ-పేపర్ వాచీతో రెండేళ్లు

నా చేతి వాచీ చూసినవాళ్లు ముందు అడిగేది ఒకటే: ‘అది స్క్రీనా, మీద అంటించిన స్టిక్కరా?’ అడగడంలో తప్పేం లేదు. మెరుపు లేదు, వెలుగు లేదు, కాగితం మీద అచ్చేసినట్టు నల్లటి అంకెలు అలా ఉంటాయంతే.

1.54 అంగుళాల తెర, 200×200 పిక్సెళ్లు, నలుపు తెలుపు మాత్రమే. ఈ-బుక్ రీడర్లలో ఉండే సరుకే. కంటికి ఆనని గుళికల్లో నల్ల రేణువులు, తెల్ల రేణువులు తేలుతుంటాయి. కరెంటు ఎటు ఇస్తే దాన్ని బట్టి ఏదో ఒక రంగు పైకి వస్తుంది. ఆ తర్వాత కరెంటు తీసేసినా అక్కడే ఉండిపోతుంది. ఈ వాచీతో వచ్చే సుఖంలోనూ తలనొప్పిలోనూ చాలావరకు ఆ ఒక్క గుణం వల్లే.

సుఖం ఎండలో తెలుస్తుంది. ఎండ ఎంత కాస్తే అంకెలు అంత స్పష్టంగా ఉంటాయి. చలవ కళ్లద్దాలు పెట్టుకుని ఏ కోణంలో చూసినా తెర నల్లబడదు. సైకిల్ హ్యాండిల్ మీద చేయి ఉండగానే ఓరచూపుతో టైమ్ తెలిసిపోతుంది. మణికట్టు విదిలించి తెర వెలిగించుకునే అలవాటే పోయింది నాకు.

బ్యాటరీ చిన్నదే, 200 ఎంఏహెచ్. నిమిషానికోసారి నిద్ర లేచి, అంకె మార్చి, మళ్లీ పడుకుంటుంది. అంటే రోజుకు 1440 సార్లు. ఈ ఒక్క పనికైతే ఆరు రోజులు వస్తోంది. గంటకోసారి వైఫై పట్టుకుని వాతావరణం చూపించమంటే మూడో రోజుకే చేతులెత్తేసింది. ఎండో వానో కిటికీలోంచి కనపడుతూనే ఉంది కదా అని అది తీసేశాను.

ఇక తలనొప్పి. ఒక రోజు మధ్యాహ్నం చూస్తే 3:17. నాలుగింటికి మీటింగ్, ఇంకా బోలెడు టైముందని పనిలో పడ్డాను. కాసేపటికి మళ్లీ చూస్తే 3:17. ఇప్పుడే కదా చూశాను అనుకున్నాను. నాలుగున్నరకు ఫోన్ వచ్చాక తెలిసింది, బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, తెర మాత్రం చివరి బొమ్మను పట్టుకుని కూర్చుంది. ముల్లుల వాచీ ఆగిపోతే సెకన్ల ముల్లు కదలక దొరికిపోతుంది. దీనికి ఆ ముల్లూ లేదు. ఆ రోజు నుంచి బ్యాటరీ బాగా తగ్గితే తెర మొత్తం తెల్లగా చేసి ఆగిపోయేలా కోడ్ మార్చుకున్నాను. ఇలాంటి ఏర్పాటు కంపెనీవాళ్లే పెట్టి ఇవ్వాల్సింది.

ఇంకో గొడవ నీడలు. మారిన చోట మాత్రమే చెరిపి రాస్తుంటే పాత అంకెల మరకలు పేరుకుంటాయి. నిమిషాల్లో 8 పోయి 9 వచ్చినప్పుడు ఎడమవైపు కింది గీత మసకగా మిగిలిపోయి, అది ఎనిమిదో తొమ్మిదో ఒక్క క్షణం ఆగి చూడాల్సి వస్తుంది. మరకలు పోవాలంటే తెర మొత్తం నలుపు, తెలుపు, నలుపు, తెలుపు అని టపటపా కొట్టుకోవాలి. నేను దాన్ని గంటకోసారికి పెట్టుకున్నాను. పక్క సీటాయన దాని మిణుకులు చూసి గంట అయిందని తెలుసుకుంటున్నాడు! చలి బాగా ఎక్కువైతే రేణువులకూ బద్ధకం వస్తుంది, అంకె మారడం నెమ్మదిస్తుంది.

రాత్రి సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. దీనికి సొంత లైటు లేదు. చీకట్లో టైమ్ చూడాలని ఫోన్ తీసి, టార్చ్ వేసి, వాచీ మీద పెట్టి చూసిన రోజులున్నాయి. టైమ్ ఆ ఫోన్ మీదే ఉంటుందని తర్వాత తట్టేది. అయితే నిద్రలో చేయి కదిలినప్పుడల్లా భగ్గున వెలిగే వాచీ బాధ మాత్రం తప్పింది.

కొనేవాళ్లకు ఒక మాట. ఈ-పేపర్ అని రాసి ఉన్నదల్లా ఇదే రకం కాదు. 2012లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైటులో కోటి డాలర్లు దాటి వసూలు చేసిన పెబుల్ స్మార్ట్‌వాచీని కూడా ఈ-పేపర్ అనే అన్నారు, కానీ అందులో ఉన్నది మెమరీ ఎల్‌సీడీ అనే వేరే రకం తెర. దాంట్లో బొమ్మ నిలబడాలన్నా కొద్దిపాటి కరెంటు కావాలి. బదులుగా బొమ్మలు చకచకా కదులుతాయి, మిణుకులు ఉండవు. స్టాప్‌వాచ్, సెకన్లు కావాల్సినవాళ్లకు అదే నయం. పైగా ఛార్జింగ్ పూర్తిగా అయిపోతే దాని తెర ఖాళీ అయిపోతుంది, 3:17 అని అబద్ధం చెప్పదు.