వాత్లే చెక్కిన దలంబేర్ ముఖచిత్రం: నకలు ప్రతిపై సమీక్ష

ఫ్రాన్స్‌లోని ఓర్లేయాఁ ప్రాంతపు పన్నుల రాబడికి ఉన్నతాధికారిగా పనిచేసిన క్లోద్ ఆన్రీ వాత్లే (1718–1786)కు ఎచింగ్ (రాగిరేకుపై ఆమ్లంతో బొమ్మ తేల్చి ముద్రించే కళ) జీవనాధారం కాదు, మనసుపడి నేర్చుకున్న విద్య. చిత్రకారుడు కొషాఁ గీసిన చిత్రాన్ని అనుసరించి, గణిత శాస్త్రవేత్త దలంబేర్ ముఖాన్ని ఆయన 1754లో రాగిరేకుపై చెక్కారు. ఆ ముద్రణకు నకలు ప్రతిని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

కాగితం విషయంలో వంక పెట్టడానికి లేదు. మందమైన కాటన్ కాగితం, కంటికి హాయినిచ్చే మీగడ రంగు, మడతపడకుండా చేరిన ప్యాకింగ్. రోమన్ చక్రవర్తుల నాణేల మీద ఉండే పక్కవాటు ముఖాన్ని, తమ మధ్య తిరిగే స్నేహితుడికి ఆపాదించి గుండ్రని పతకంలో కూర్చోబెట్టడంలోని రొకోకో (పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి అలంకార శైలి) చిలిపితనం ఈ ప్రతిలోనూ చక్కగా తెలుస్తోంది.

అయితే అసలు లోపం గీతల్లో ఉంది. ఉలితో చెక్కడానికి ఏళ్ల సాధన కావాలి. ఎచింగ్‌లో మాత్రం రేకుపై మైనపు పూత పూసి, సూదితో కాగితం మీద గీసినంత తేలికగా గీస్తే, పూత లేచిన చోట ఆమ్లం రాగిని తినేస్తుంది. వాత్లే వంటి ఔత్సాహికులూ, ఫ్రెంచి రాజు పదిహేనో లూయీ ప్రియురాలు మదామ్ ద పొంపదూర్ కూడా ఈ కళలో చేయి పెట్టగలిగారంటే కారణం ఇదే. వృత్తి కళాకారుడి నైపుణ్యం కన్నా, ఒక చోట లోతుగా దిగి మరొక చోట సన్నగిల్లే ఆ చేతి తీరే ఇటువంటి బొమ్మకు ప్రాణం. విక్రేత నలుపును పెంచి ముద్రించడంతో తల వెనుక ఉన్న సన్నని అడ్డగీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మచ్చగా మారాయి. చెంప మీది చిన్న గీతలు మాత్రం, అదృష్టవశాత్తు, భూతద్దంలో ఇంకా విడివిడిగా కనిపిస్తున్నాయి. రేకు ఒత్తిడికి కాగితంపై పడే పల్లపు అంచును నకలులో ఆశించలేము గాని, బొమ్మ చుట్టూ ఉండాల్సిన ఖాళీని కూడా కత్తిరించడం అన్యాయం.

దలంబేర్ సహసంపాదకుడిగా ఉన్న ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో ఈ చెక్కడపు కళ గురించిన వ్యాసం వాత్లేదే. ఆ సంగతి చెప్పే చిన్న చీటీ ఒకటి జతచేసి ఉంటే కొన్నవారికి ఎంతో ఉపయోగపడేది. గోడకు పెట్టుకోవాలనుకునేవారు నిస్సంకోచంగా కొనవచ్చు. ఎచింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులు మాత్రం, మ్యూజియంలు ఉచితంగా అందిస్తున్న పెద్ద సైజు ఫోటోలను దింపుకొని, ఏ మార్పూ చేయకుండా మంచి ప్రెస్‌లో ముద్రించుకోవడం మేలు.