రెండు వారాలు ఆగితేనే గెకో పిల్లను ఇచ్చిన పెంపకందారు

డాలస్ శివార్లలో ఇంటి దగ్గరే లెపర్డ్ గెకోలనే పెంపుడు బల్లులను పెంచి అమ్మే ఒకాయన వద్ద, గత ఏడాది మా అమ్మాయి కోసం ఒక పిల్లను కొన్నాము. ఇది గోడలెక్కలేని జాతి అని, మన ఇళ్లలోని బల్లికి లేని కనురెప్పలు దీనికి ఉన్నాయని ఎంత వివరించినా, బల్లి మీద పడితే పంచాంగం తీసే మా అమ్మకు డబ్బు పోసి బల్లిని తెచ్చుకోవడం నేటికీ మింగుడుపడలేదు.

అడిగిన వెంటనే ఆయన పిల్లను ఇవ్వలేదు. ముందుగా గాజుపెట్టెను సిద్ధం చేసి, అందులో ఒక వైపు నేల 32 డిగ్రీల సెల్సియస్, రెండో వైపు 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటున్నట్టు రెండు వారాల పాటు ఫొటోలు పంపమన్నారు. మేము పరిచిన ఇసుక మేతతోపాటు కడుపులోకి పోతే పేగులకు అడ్డుపడవచ్చని చెప్పి తీయించారు. చాదస్తమనిపించింది కాని, పెట్టెలో వేడిని అదుపుచేసే మా థర్మోస్టాట్ సరిగా పనిచేయడం లేదని బయటపడింది ఆ రెండు వారాల్లోనే.

పిల్లతోపాటు ఇచ్చిన కార్డులో గుడ్డు పగిలిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు, వారం వారం బరువు, పొదిగించిన ఉష్ణోగ్రత ఉన్నాయి. ఈ జాతిలో ఆడో మగో తేల్చేది పొదిగే వేడే: 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవి, 32 దాటితే ఎక్కువగా మగవి, ఇంకా పెంచితే మళ్లీ ఆడవే పుడతాయి.

మా అమ్మాయి లెమన్ ఫ్రాస్ట్ అనే పసుపు రకం కావాలని పట్టుబట్టింది. ఆ రంగు తెచ్చే జన్యువే చర్మంపై కణితులనూ తెస్తుందని, అది ఉన్నవాటిలో 80 శాతానికి పైగా వాటి బారిన పడతాయని, 2021లో వెలువడిన పరిశోధనను చూపించి మరీ ఆయన కాదన్నారు. తల వంకర తిప్పుతూ తూలిపోయే ఎనిగ్మా రకాన్నీ ఆయన పెంచరు. అమ్ముడుపోయే సరుకును ఇలా వదులుకునే వ్యాపారిని నేను అరుదుగా చూశాను.

లోపాలూ లేకపోలేదు. ధర పెట్ షాపులో అడిగినదానికి రెట్టింపు. పిల్లకు ఇచ్చే కీచురాయి దాని రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదని చెప్పిన ఆయనే, తొలి డబ్బాలో సగం పెద్దవి పెట్టారు. పనికొచ్చిన వాటిని గ్లాసులో వేసి, బజ్జీకి పిండి పట్టించినట్టు కాల్షియం పొడి పట్టించి వేస్తున్నాము; తోక మెడకన్నా లావెక్కింది, అంటే తిండి ఒంటబడుతున్నట్టే. సరీసృపాలను చూసే పశువైద్యులు దగ్గరలో ఎవరున్నారన్న ముఖ్యమైన సంగతి మాత్రం మేము అడిగేదాకా ఆయన చెప్పలేదు.

ఇది 15 నుంచి 20 ఏళ్లు బతికే ప్రాణి. మా అమ్మాయి మరో ఎనిమిదేళ్లలో కాలేజీకి వెళ్లిపోతుంది. పెంచలేని పరిస్థితి వస్తే ఎప్పుడైనా తిరిగి తీసుకుంటానని ఆయన కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. ఆ ఎక్కువ ధర నేను చెల్లించింది ప్రధానంగా ఆ కాగితానికే.