పూత ఊడిపోతోందని విజయవాడ వెళ్ళాను

నేను చేసే ఎర్రమట్టి గిన్నెల మీద తెల్లమట్టి పూత పెచ్చులుగా లేచిపోతోంది. కారణం తెలుసుకోవాలనే విజయవాడలో మూడు రోజులు ఉన్నాను.

మొదటి రోజు డబ్బు కట్టి వెళ్ళిన శిక్షణ నిరాశపరిచింది. కాల్చిన కుండలు చేతికిచ్చి ఆక్రిలిక్ రంగులు వేయించారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ ఆ రంగు మంటకు నిలవదు, అన్నం తినే గిన్నెకు పనికిరాదు.

మర్నాడు ఊరి శివార్లలో ఒక కుమ్మరి ఇంటికి వెళ్ళాను. ముందురోజు సారె మీద చేసి తడిగుడ్డ కప్పి ఉంచిన కుండను పెద్దాయన బయటికి తీశారు. బొటనవేలితో నొక్కితే వేలు దిగలేదు. గోటితో గీస్తే మాత్రం గీత పడింది.

"ఇదేనమ్మా అదను. ఎండిపోయాక పూస్తే దానికీ దీనికీ పొత్తు కుదరదు" అన్నారు.

నా తప్పు అక్కడే దొరికింది. నేను పూత పూసేది బాగా ఎండిన గిన్నెకు. గిన్నె కుదించుకోవడం అప్పటికే అయిపోతుంది, పూత మాత్రం ఆరుతూ కుదించుకుంటుంది. ఇక ఊడక ఏం చేస్తుంది! ఆయన జాజు కలిపిన మట్టినీళ్ళు పూసి, తడి మెరుపు పోగానే నున్నని గులకరాయితో రుద్దారు. జానెడు మేర రుద్దడానికి అరగంట పట్టింది. గ్లేజు, అంటే గాజులాంటి పూత, లేకుండానే కుండ నిగనిగలాడింది. కాల్చేటప్పుడు వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ మెరుగు నిలవదు కాబట్టి, 1,200 పైన కాల్చే స్టోన్‌వేర్‌కు, అంటే రాయిలా గట్టిపడే మట్టిపాత్రలకు, అది దక్కదు.

బస లాడ్జి బస్టాండు పక్కనే. గది శుభ్రంగా ఉంది, లిఫ్టు పనిచేయలేదు. కుండలతో తిరిగేవారు కింది అంతస్తు గదే అడగండి.

మూడో రోజు అమరావతి. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. పాలరాయిలా కనిపించే సున్నపురాతి మీద చెక్కిన పూర్ణకుంభం దగ్గరే ఎక్కువసేపు నిలబడిపోయాను. నగిషీ అంతా పట్టీలో ఒదిగి ఉంది, మిగిలిన పొట్ట నున్నగా వదిలేశారు. నేనైతే గిన్నె అంతా నింపేసేదాన్ని. పూతను గీకి కింది ఎర్రమట్టి బయటపెట్టే పనికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. తీరిక లేనివారు బందరు రోడ్డులోని బాపు మ్యూజియం చూడవచ్చు కానీ, నా ఓటు అమరావతికే.

ఇంటికి రాగానే ఆరు గిన్నెలకు పచ్చి మీదే పూత పూశాను. ఐదింటికి పట్టింది. ఆరోదానికి అంచు దగ్గర లేచింది. గాలికి ముందు ఆరేది అంచే కదా, ఈసారి అక్కడ తడిగుడ్డ చుడతాను.