రికవరీ సర్వర్: క్లస్టర్ లోపల పెట్టాలా, బయట పెట్టాలా?

రికవరీ సర్వర్ పెడుతున్నామనగానే మా మేనేజర్ గారు అడిగిన మొదటి మాట, "హెచ్‌ఏ ఉందా?" హై అవైలబిలిటీ, అంటే ఒక మెషీన్ పడిపోయినా ఇంకోటి పని అందుకునే ఏర్పాటు. ఉందనడం తేలిక. పేస్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ నడిపే క్లస్టర్ (ఒకదానికొకటి కాపుకాసే సర్వర్ల జట్టు) ఎలాగూ నడుస్తోంది, అందులోనే ఇంకో వర్చువల్ మెషీన్ పెడితే పనైపోతుంది. అప్పట్లో మేమూ అదే చేశాం. ఏడాది తిరక్కుండానే పీకి బయట పెట్టుకున్నాం.

ముందు ఆ సర్వర్ చేసే పనేమిటో చెప్పాలి. మేము వాడేది రిలాక్స్ అండ్ రికవర్, అందరూ రియర్ అంటారు. బాష్‌లో రాసిన ఉచిత టూల్. రాత్రిపూట ప్రతి లైనక్స్ మెషీన్ మీదా అది నడుస్తుంది. పార్టిషన్లు, ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి), బూట్‌లోడర్ వివరాలతో ఒక చిన్న రెస్క్యూ ఇమేజ్ కట్టి, ఫైళ్లన్నీ టార్ చేసి (ఒకే మూటగా కట్టి), ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) మీదుగా రికవరీ సర్వర్‌కి పంపుతుంది. మెషీన్ పోయిన రోజు కొత్తదాన్ని నెట్‌వర్క్ నుంచి బూట్ చేసి 'రియర్ రికవర్' అని కొడితే పాత మనిషి లేచి కూర్చుంటాడు. అంటే ఆ సర్వర్ మీద డీహెచ్‌సీపీ (మెషీన్లకు ఐపీ చిరునామా ఇచ్చేది), టీఎఫ్‌టీపీ (బూట్ ఫైళ్లు పంపేది), ఎన్‌ఎఫ్‌ఎస్ నడవాలి, పెద్ద డిస్కు ఉండాలి. అంతకుమించి ఏమీ లేదు.

దీన్ని పెట్టడానికి మూడు చోట్లున్నాయి: నడుస్తున్న క్లస్టర్ లోపల, బయట ఒంటరి పెట్టెగా, లేదా దానికంటూ వేరే చిన్న క్లస్టర్ కట్టి.

మొదటిది మాకెలా బెడిసికొట్టిందో చెబుతాను. ఒక ఆదివారం యూపీఎస్ పని జరుగుతుండగా రాక్ మొత్తానికి కరెంటు పోయింది. తిరిగొచ్చాక క్లస్టర్‌లోని రెండు నోడ్లలో (సర్వర్లలో) ఒకటి లేవలేదు, సిస్టమ్ డిస్కులు పోయాయి. రెండోది లేచింది గానీ ఏ సర్వీసూ మొదలుపెట్టదు. అది దాని తప్పు కాదు. పేస్‌మేకర్ కింద నోడ్లను కలిపి ఉంచే కోరోసింక్‌లో రెండు నోడ్ల క్లస్టర్ అని రాస్తే, వెయిట్ ఫర్ ఆల్ అనే నియమం తనంతట తానే ఆన్ అవుతుంది. పూర్తిగా ఆరిపోయి లేచినప్పుడు, రెండో నోడ్‌ని ఒక్కసారైనా చూస్తే తప్ప కోరం (సర్వీసులు నడపడానికి కావలసిన సభ్యుల లెక్క) రాదు. రెండు నోడ్లూ విడివిడిగా లేచి ఒకే డేటా మీద రాసుకోకుండా పెట్టిన జాగ్రత్త అది, మంచిదే. కానీ మా రికవరీ మెషీన్ ఆ క్లస్టర్‌లోనే ఉంది, చచ్చిన నోడ్ ఇమేజ్ ఆ మెషీన్‌లోనే ఉంది. బావిలో పడ్డవాణ్ని లాగాల్సిన తాడు కూడా బావిలోనే ఉన్నట్టు.

'పీసీఎస్ కోరం అన్‌బ్లాక్' అనే కమాండ్‌తో ఆ ఎదురుచూపు తప్పించవచ్చు. కాకపోతే రెండో నోడ్ నిజంగా ఆరిపోయిందని మనం హామీ పడాలి. రాత్రి పదకొండింటికి, ఫోన్లో నలుగురు అరుస్తుండగా, ఆ హామీ పడటం ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు.

అసలు హెచ్‌ఏ కాపాడేది మెషీన్ చెడిపోవడం నుంచి. మనిషి పొరపాటు నుంచి కాదు. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ సెకండరీ (నకలు) అనుకుని ప్రైమరీ (అసలు) డేటాబేస్ డైరెక్టరీని చెరిపేశారు. సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. రెప్లికేషన్ ఉండి కూడా ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. రోజూ తీసుకుంటున్నామనుకున్న డేటాబేస్ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోందని కూడా ఆ రోజే తెలిసింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు. క్లస్టర్ లోపల రికవరీ సర్వర్ పెట్టడమంటే ఈ రెండు ప్రమాదాలనూ ఒకే రాక్‌లోకి పిలుచుకోవడం.

ఇక వేరే క్లస్టర్ సంగతి. ఇంజినీర్లకు సరదాగా ఉండేది ఇదే, ఒప్పుకోవాలి. రెండు మెషీన్లు, మధ్యలో డీఆర్‌బీడీ. అది డిస్కును నెట్‌వర్క్ మీదుగా అద్దంలా నకలు చేస్తుంది. ప్రోటోకాల్ సీ పెడితే రెండు వైపులా రాసేదాకా రైట్ పూర్తయినట్టు లెక్క కాదు. దానిమీద ఫైల్‌సిస్టమ్, ఆపైన ఎన్‌ఎఫ్‌ఎస్, వర్చువల్ ఐపీ (ఏ నోడ్ పనిచేస్తుంటే దానికి మారే చిరునామా), డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ వరుసగా లేవాలి. డీహెచ్‌సీపీ ఇచ్చే బూట్ సర్వర్ చిరునామా వర్చువల్ ఐపీయే కావాలి. టీఎఫ్‌టీపీ జవాబు కూడా అదే చిరునామా నుంచి వెళుతోందా అని టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లు చూపే టూల్) పెట్టి చూసుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎస్‌కి రెండు నోడ్ల మీదా ఒకే ఎఫ్‌ఎస్‌ఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) ఇవ్వాలి, లేకపోతే ఒక నోడ్ నుంచి ఇంకోదానికి మారిన వెంటనే క్లయింట్లకు స్టేల్ (పాత ఫైల్ గుర్తు చెల్లదనే) ఎర్రర్లు వస్తాయి. అన్నీ కుదిరినా ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్‌లో మామూలుగా 90 సెకన్ల గ్రేస్ (క్లయింట్లు పాత లాక్‌లు తిరిగి తీసుకునే వ్యవధి) ఉంటుంది, ఆలోపు బ్యాకప్‌లు బిగుసుకుని నిలబడతాయి. సగంలో ఉన్న టీఎఫ్‌టీపీ బూట్ మాత్రం బతకదు, మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఫెన్సింగ్‌లో, అంటే మొరాయించిన నోడ్‌ని బలవంతంగా ఆర్పడంలో, ఒక మెలిక ఉంది. ఎక్కువమంది సర్వర్‌లో ఉండే బీఎంసీ (దూరం నుంచి పవర్ ఆపగల చిన్న కంట్రోలర్) ద్వారానే ఫెన్స్ చేస్తారు. ఒక నోడ్‌కి కరెంటే పోతే దాని బీఎంసీ కూడా పోతుంది. ఫెన్సింగ్ ఫెయిలవుతుంది, బతికున్న నోడ్ భయపడి ఏమీ ముట్టుకోదు. రెండో మెట్టుగా స్విచ్ చేయగల పీడీయూ (రాక్‌లో కరెంటు పంచే పట్టీ) ఉంటేనే ఈ ముడి విడుతుంది. ఇంత కట్టాక కూడా ఎవరైనా తప్పు డైరెక్టరీ మీద 'ఆర్‌ఎమ్' కొడితే డీఆర్‌బీడీ ఆ చెరపడాన్ని కూడా అవతలికి బుద్ధిగా నకలు చేస్తుంది.

కాలేజీ ల్యాబులు, డిస్కులేని టర్మినళ్లు, రోజంతా నెట్‌వర్క్ బూట్ మీదే బతికే చోట్ల ఈ శ్రమ గిట్టుబాటవుతుంది. అక్కడ బూట్ సర్వర్ ఆగితే పని ఆగుతుంది. మాలాంటి చోట రికవరీ సర్వర్ ఒక పూట పడుకున్నా ఎవరికీ తెలియదు.

అందుకే ఇప్పుడు మాది ఒంటరి పెట్టె. వేరే రాక్, వేరే పవర్ లైన్. లెక్క కూడా చిన్నదే: 40 మెషీన్లు, ఒక్కోటి 30 జీబీ, మూడు తరాల ఇమేజ్‌లు, మొత్తం 3.6 టీబీ. డీఆర్‌బీడీ పెడితే అదే 7.2 అయ్యేది. ఆ డబ్బుతో ఇంకో ఊళ్లోని ఆఫీసులో చవక పెట్టె కొని, రోజూ తెల్లవారుజామున ఆర్‌సింక్‌తో నకలు పంపుతున్నాం. పాత తరాలు అక్కడ వెంటనే చెరగవు, కాబట్టి ఇక్కడి పొరపాటు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. వేగం విషయంలోనూ అడ్డం పడేది హెచ్‌ఏ కాదు, నెట్‌వర్కే. 30 జీబీ ఒక గిగాబిట్ లైన్ మీద రావాలంటే ఎంత బాగున్నా నాలుగున్నర నిమిషాలు. పది మెషీన్లు ఒకేసారి లేపాలంటే ముప్పావుగంట.

ఈ పెట్టె ప్రొడక్షన్‌లోని దేనిమీదా ఆధారపడకూడదు. డీఎన్‌ఎస్ పేర్లు కాకుండా ఐపీలు రాశాం, ఎల్‌డాప్ (కేంద్ర ఖాతాల సర్వర్) లాగిన్ కాకుండా లోకల్ ఖాతా పెట్టాం. క్లస్టర్ నోడ్లకు అదనంగా ఐఎస్‌ఓ ఇమేజ్ కూడా తీస్తాం, డీహెచ్‌సీపీ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో బూట్ అవడానికి. ఆ లోకల్ ఖాతా పాస్‌వర్డ్ కవర్లో పెట్టి లాకర్లో ఉంచాం. పాతకాలం పద్ధతే, పనిచేస్తుంది.

ఎక్కడ పెట్టినా సరే, క్లస్టర్ నోడ్‌ని రియర్‌తో లేపేముందు లేఅవుట్ ఫైల్ (రియర్ రాసిపెట్టే డిస్కుల జాబితా) తెరిచి చూడండి. బ్యాకప్ సమయానికి ఆ నోడ్ మీద షేర్డ్ సాన్ డిస్కు (నోడ్లన్నీ కలిసి వాడుకునే బయటి స్టోరేజీ) మౌంటై ఉంటే అది కూడా జాబితాలోకి చేరి ఉండవచ్చు. 'రియర్ రికవర్' జాబితాలో ఉన్న డిస్కులను కొత్తగా ఫార్మాట్ చేస్తుంది, పక్క నోడ్ దానిమీద పనిచేస్తోందని దానికేం తెలుసు. మేము సిస్టమ్ వాల్యూమ్ గ్రూప్ ఒక్కటే చేర్చేలా కాన్ఫిగ్‌లో రాసుకున్నాం, అయినా రికవరీ మొదలుపెట్టేముందు ఆ నోడ్ నుంచి సాన్ కేబుల్ పీకేస్తాం.